తుక్కు ట్రక్కు భాగాలతో సైనిక వాహన ప్రతిరూపం: హమ్‌వీ ఉదాహరణ

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• ప్రతిరూప వాహనంలో రూపం, కొలత, పనితీరు అనే మూడు అంశాల మధ్య తేడాను వివరించగలుగుతారు.
• మూల ట్రక్కును ఎంచుకోవడానికి, దాని పాత భాగాలను పరీక్షించడానికి పాటించవలసిన పద్ధతిని చెప్పగలుగుతారు.
• టైరు పరిమాణం మారినప్పుడు గేరు నిష్పత్తి, బ్రేకు బలం, స్పీడోమీటరు ఎలా మారతాయో లెక్కించగలుగుతారు.
• ఇటువంటి వాహనం విషయంలో మన దేశంలోని చట్ట పరిమితులను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

గత భాగాలలో ఛాసీ, సస్పెన్షన్, బ్రేకులు, స్టీరింగు గురించి విడివిడిగా తెలుసుకున్నాం. రోడ్డు మీద నడిచే వాహనంలో ఇవి విడిగా ఉండవు. ఒకదానిలో మార్పు చేస్తే ఆ భారం మరొకదాని మీద పడుతుంది. ఈ సంబంధాన్ని అర్థం చేసుకోవడానికి ఒక వాహనాన్ని పోలిన మరో వాహనాన్ని తయారుచేసే పని మంచి ఉదాహరణ. అందుకోసం అమెరికా సైన్యం వాడే హమ్‌వీని, దాని రూపంలో పాత ట్రక్కు భాగాలతో అక్కడి ఔత్సాహికులు కట్టుకునే ప్రతిరూపాలను ఈ భాగంలో పరిశీలిద్దాం.

అసలు వాహనం ఉండగా ప్రతిరూపం ఎందుకన్న ప్రశ్న సహజం. పౌరుల కోసం ‘హమ్మర్’ పేరుతో 1992లో అమ్మకానికి వచ్చిన రకం చాలా ఖరీదైనది. సైన్యం వాడి పక్కన పెట్టిన హమ్‌వీలను చాలా కాలం పాటు సాధారణంగా ప్రజలకు అమ్మేవారు కాదు. 2014 చివరలో వేలం మొదలైనప్పుడు కూడా వాటిని రోడ్డు మీద కాక బయటి నేలల్లోనే వాడాలన్న షరతు ఉండేది. మరోవైపు పాత షెవ్రొలే ట్రక్కులు, వాటి విడి భాగాలు అమెరికా తుక్కు యార్డుల్లో విరివిగా దొరికేవి. ప్రతిరూపాల తయారీ పెరగడానికి ఈ పరిస్థితులు కారణమయ్యాయి.

2. అసలు వాహనం నిర్మాణం

దేనికి ప్రతిరూపం కడుతున్నామో ముందు తెలియాలి. 1983 మార్చిలో అమెరికా సైన్యం 55,000 వాహనాల తయారీ ఒప్పందాన్ని ఏఎం జనరల్ సంస్థకు ఇచ్చింది. ఇండియానా రాష్ట్రంలోని మిషవాకాలో వీటి ఉత్పత్తి జరిగింది. తొలి రకాల ముఖ్య లక్షణాలు ఇవి:

• ఇంజను: జనరల్ మోటార్స్ తయారీ 6.2 లీటర్ల వి-8 డీజిల్.
• గేరుబాక్సు: మూడు వేగాల టర్బో హైడ్రామాటిక్ 400, ఆటోమేటిక్. ఇదీ జనరల్ మోటార్స్‌దే.
• ముందు, వెనుక యాక్సిళ్ల మధ్య దూరం, అంటే వీల్‌బేస్: 130 అంగుళాలు (సుమారు 3.30 మీటర్లు).
• వెడల్పు సుమారు 85 అంగుళాలు (2.16 మీటర్లు), ఎత్తు 72 అంగుళాలు (1.83 మీటర్లు).
• నేల నుంచి ఎడం: సుమారు 16 అంగుళాలు (41 సెం.మీ.).
• నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్, ప్రతి చక్రం దగ్గర గేరు హబ్బు.
• ఉక్కు ఛాసీ మీద రివెట్లతోనూ జిగురుతోనూ అతికిన అల్యూమినియం బాడీ.
• 24 వోల్టుల విద్యుత్ వ్యవస్థ.

వీటిలో గేరు హబ్బును ప్రత్యేకంగా గమనించండి. డిఫరెన్షియల్ నుంచి వచ్చే షాఫ్టు నేరుగా చక్రం మధ్యలోకి చేరదు. చక్రం కేంద్రం కంటే పైభాగంలో చేరి, అక్కడ ఒక చిన్న గేరును తిప్పుతుంది. ఆ గేరు కింద ఉన్న పెద్ద గేరును తిప్పుతుంది. ఈ అమరిక వలన రెండు ప్రయోజనాలు కలుగుతాయి. మొదటిది, డిఫరెన్షియల్, షాఫ్టులు అన్నీ పైకి లేస్తాయి కనుక నేల నుంచి ఎడం పెరుగుతుంది. రెండవది, హబ్బులోనే 1.92:1 నిష్పత్తిలో వేగం తగ్గి, ఆ మేరకు తిప్పుడు బలం పెరుగుతుంది. డిఫరెన్షియల్ నిష్పత్తి 2.73 కనుక మొత్తం నిష్పత్తి 2.73 × 1.92 = 5.24 అవుతుంది.

బ్రేకు డిస్కులు కూడా చక్రాల దగ్గర ఉండవు. డిఫరెన్షియల్ పక్కనే ఉంటాయి. అందువలన బ్రేకు బలం సైతం హబ్బు గేర్ల ద్వారా 1.92 రెట్లై చక్రానికి చేరుతుంది. పెద్ద టైరు, గేరు హబ్బు, లోపలి బ్రేకు ఒకే ఆలోచనలోని మూడు భాగాలన్నమాట. ప్రతిరూపం కట్టేవారు సాధారణంగా వీటిలో టైరును మాత్రమే తీసుకుంటారు. అసలు సమస్య అక్కడే మొదలవుతుంది.

3. రూపమా, కొలతా, పనితీరా?

ప్రతిరూపాన్ని మూడు స్థాయిలలో చూడవచ్చు.

రూపం: చూడగానే గుర్తుపట్టే ఆకారం. ఇది రేకు పని, ఫైబర్ పని. దీన్ని సాధించడం అన్నిటికన్నా సులభం.

కొలత: వీల్‌బేస్, వెడల్పు, ఎత్తు అసలుకు సరిపోవడం. ఇది సరైన మూల ట్రక్కును ఎంచుకోవడం మీద ఆధారపడుతుంది.

పనితీరు: అసలు వాహనం చేసే పనిని చేయగలగడం. గేరు హబ్బులు, విడి సస్పెన్షన్ లేనిదే ఇది పూర్తిగా సాధ్యం కాదు.

పెద్ద తయారీదారు కూడా ఈ మూడింటిలో ఎంపిక చేసుకోవలసిందే. 1999లో హమ్మర్ పేరు మీద హక్కులు పొందిన జనరల్ మోటార్స్ 2002లో ‘హెచ్2’ను మార్కెట్లోకి తెచ్చింది. దాని ఆకారం హమ్‌వీని తలపిస్తుంది. ఛాసీ మాత్రం ఆ సంస్థ పికప్ ట్రక్కుల ఛాసీ నుంచి రూపొందింది. గేరు హబ్బులు లేవు, వెనుక ఒకే ముక్క యాక్సిల్ ఉంది. అంటే రూపాన్ని నిలుపుకొని, పనితీరును రోడ్డు అవసరాలకు తగినట్లు మార్చారు. ఇది తప్పు కాదు. ఏది వదులుకుంటున్నామో తెలిసి వదులుకోవడమే ముఖ్యం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
క) హమ్‌వీ గేరు హబ్బు వలన కలిగే రెండు ప్రయోజనాలు ఏవి?
ఖ) హెచ్2 వాహనం మూడు స్థాయిలలో దేన్ని ప్రధానంగా నిలుపుకుంది?

4. మూల ట్రక్కు ఎంపిక

భాగాలు ఇచ్చే పాత వాహనాన్ని ఇక్కడ ‘మూల ట్రక్కు’ అందాం. దీని ఎంపికలో మొదట చూడవలసింది వీల్‌బేస్. ఛాసీని కోసి పొడిగించడం, కుదించడం ప్రమాదంతో కూడిన పని కాబట్టి, కోత అవసరం లేని ట్రక్కును వెతకడం తెలివైన పద్ధతి. 1973 నుంచి సాగిన షెవ్రొలే తరంలోని మూడు వాహనాలను పోల్చి చూడండి:

• బ్లేజర్: 106.5 అంగుళాలు. హమ్‌వీ కంటే 23.5 అంగుళాలు తక్కువ.
• పొట్టి పికప్: 117.5 అంగుళాలు. హమ్‌వీ కంటే 12.5 అంగుళాలు తక్కువ.
• సబర్బన్: 129.5 అంగుళాలు. హమ్‌వీ కంటే అర అంగుళమే తక్కువ.

సబర్బన్ ఛాసీని తీసుకుంటే పొడవు సమస్య దాదాపు తీరినట్లే. 1982 నుంచి ఈ ట్రక్కులలో 6.2 లీటర్ల డీజిల్ ఇంజను కూడా లభించింది. కాబట్టి ప్రతిరూపం బానెట్టు కింద అసలు వాహన కుటుంబానికే చెందిన ఇంజను ఉంటుంది. తుక్కు నుంచి కట్టిన వాహనం ఇంత దగ్గరగా రావడానికి కారణం, హమ్‌వీ రూపకర్తలే ఇంజనునూ గేరుబాక్సునూ పౌర ట్రక్కుల నుంచి తీసుకోవడం.

రెండవది చక్రాల అమరిక. హమ్‌వీ చక్రానికి ఎనిమిది బోల్టులుంటాయి, వాటి వలయం వ్యాసం 6.5 అంగుళాలు. షెవ్రొలే బరువు రకాలలో, అంటే ముప్పావు టన్ను, ఒక టన్ను ట్రక్కులలో కూడా ఇదే అమరిక ఉంది. తేలిక రకాలలో అంతకంటే తక్కువ బోల్టులే ఉంటాయి. అయితే బోల్టులు సరిపోయినంత మాత్రాన చక్రం సరిపోయినట్లు కాదు. గేరు హబ్బుకు చోటివ్వడానికి హమ్‌వీ రిమ్ము లోతుగా ఉంటుంది. దాన్ని ట్రక్కు యాక్సిల్‌కు బిగిస్తే టైరు లోపలికి పోయి కమాను పట్టీలకు, స్టీరింగు రాడ్లకు తగులుతుంది. అందుకే రిమ్ముకూ హబ్బుకూ మధ్య స్పేసరు వేస్తారు, లేదా వేరే రిమ్ము వాడతారు.

హమ్‌వీ రిమ్ముల విషయంలో రెండు హెచ్చరికలు ఉన్నాయి. ఇవి రెండు ముక్కలను నట్లతో కలిపి బిగించిన రిమ్ములు. టైరులో గాలి ఉండగా ఆ నట్లు విప్పితే రిమ్ము ముక్క ఎగిరి ప్రాణం తీస్తుంది. గాలిని పూర్తిగా తీసి, వాల్వు పిన్ను కూడా తొలగించిన తరువాతే వాటిని తాకాలి. ఇక వీటి వ్యాసం 16.5 అంగుళాలు. 16 అంగుళాల టైరును బలవంతంగా దీనికి ఎక్కించి గాలి కొడితే టైరు పేలిపోయే ప్రమాదం ఉంది.

5. పాత భాగాల పరీక్ష

తుక్కు నుంచి వచ్చే భాగాలను మూడు వర్గాలుగా విడదీయాలి.

మొదటి వర్గం, పరీక్షించి వాడదగినవి: ఛాసీ, యాక్సిల్ గొట్టాలు, డిఫరెన్షియల్, గేరుబాక్సు, ఇంజను దిమ్మ.

రెండవ వర్గం, విప్పి అరుగుదల చూసి నిర్ణయించవలసినవి: బేరింగులు, కమాను పట్టీలు, స్టీరింగు పెట్టె, ప్రొపెల్లర్ షాఫ్టు కీళ్లు.

మూడవ వర్గం, ఎంత బాగున్నట్లు కనిపించినా కొత్తవే వేయవలసినవి: బ్రేకు హోసులు, బ్రేకు గొట్టాలు, వీల్ సిలిండర్ల రబ్బర్లు, బ్రేకు లైనింగులు, ఇంధన గొట్టాలు, టైర్లు. రబ్బరు వయసుతో పాడవుతుంది, వాడకపోయినా పాడవుతుంది.

ఛాసీ పరీక్ష ఇలా చేయాలి. సమతలమైన నేల మీద ఛాసీని నాలుగు ఒకే ఎత్తు స్టాండ్ల మీద ఉంచాలి. ఎడమ ముందు మూల నుంచి కుడి వెనుక మూలకు, తరువాత కుడి ముందు మూల నుంచి ఎడమ వెనుక మూలకు టేపుతో కొలవాలి. రెండు కర్ణాలూ సమానంగా ఉంటే ఛాసీ వంకర పోలేదు. తేడా వస్తే ఆ ట్రక్కుకు ఎప్పుడో గట్టి దెబ్బ తగిలిందని అర్థం. తరువాత తుప్పు ఉన్నచోట సుత్తితో తట్టాలి. ఖంగుమని మోగితే లోపల ఇనుము గట్టిగా ఉన్నట్లు. మొద్దు శబ్దం వచ్చినా, పొరలు రాలినా ఆ చోటు బలహీనపడినట్లు.

ఈ తరం షెవ్రొలే నాలుగు చక్రాల ట్రక్కులలో స్టీరింగు పెట్టెను ఛాసీ ఎడమ దూలానికి బిగించిన చోట పగుళ్లు రావడం అందరికీ తెలిసిన లోపం. చక్రం తిప్పిన ప్రతిసారీ ఆ దూలం కొద్దిగా మెలి తిరుగుతుంది. టైర్లు పెద్దవైతే ఈ మెలి ఇంకా పెరుగుతుంది. కాబట్టి స్టీరింగు పెట్టెను విప్పి, మడ్డి, రంగు పూర్తిగా గోకి చూడాలి. పగులు కనిపిస్తే దాని చివర చిన్న రంధ్రం వేయాలి, లేకపోతే వెల్డింగు పక్కనుంచి పగులు ముందుకు పాకుతుంది. తరువాత వెల్డింగు చేసి, పైన బలపరిచే ప్లేటు వేయాలి.

పాత డీజిల్, పెట్రోలు ట్యాంకులను ఎప్పుడూ వెల్డింగు చేయకూడదు, గ్యాసుతో కోయకూడదు. ఖాళీగా కనిపించినా లోపలి ఆవిరి పేలుతుంది. ఛాసీకి వెల్డింగు చేసే ముందు ట్యాంకును దించి దూరంగా ఉంచాలి, బ్యాటరీ తీగలు విప్పాలి.

6. పెద్ద టైరు తెచ్చే మార్పులు

హమ్‌వీ తరువాతి రకాలకు 37 అంగుళాల వ్యాసం గల రేడియల్ టైర్లు ఉంటాయి. ఉదాహరణకు, మన మూల ట్రక్కుకు 30 అంగుళాల టైర్లు, 3.73 యాక్సిల్ నిష్పత్తి ఉన్నాయనుకుందాం. ఇప్పుడు 37 అంగుళాల టైరు వేస్తే ఏమవుతుందో చూద్దాం.

ఉదాహరణ 1: గేరు నిష్పత్తి
కొత్త టైరుతో ట్రక్కు ప్రవర్తించే నిష్పత్తి = 3.73 × 30 ÷ 37 = 3.02
అంటే బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు బండి మునుపటికంటే నీరసంగా లాగుతుంది. మునుపటి బలం తిరిగి రావాలంటే కావలసిన నిష్పత్తి = 3.73 × 37 ÷ 30 = 4.60
షెవ్రొలే ఒక టన్ను ట్రక్కు ఆధారంగా అమెరికా సైన్యం కోసం తయారైన ఎం 1008 వాహనం యాక్సిళ్ల నిష్పత్తి 4.56. ఇది మనకు కావలసిన దానికి చాలా దగ్గర. వీటికి ఎనిమిది బోల్టుల హబ్బులే ఉంటాయి కనుక ప్రతిరూపాలకు ఈ యాక్సిళ్లు బాగా సరిపోతాయి.

ఉదాహరణ 2: స్పీడోమీటరు
యాక్సిల్ నిష్పత్తి మార్చకుండా టైరు మాత్రమే మారిస్తే, ముల్లు 60 చూపుతున్నప్పుడు అసలు వేగం = 60 × 37 ÷ 30 = 74
డ్రైవరు నెమ్మదిగా పోతున్నాననుకుంటాడు, బండి మాత్రం వేగంగా పోతుంటుంది.

ఉదాహరణ 3: బ్రేకు బలం
నేల దగ్గర పనిచేసే బ్రేకు బలం = చక్రం వద్ద బ్రేకు టార్కు ÷ టైరు వ్యాసార్ధం
బ్రేకులు మార్చకపోతే టార్కు మారదు, వ్యాసార్ధం పెరుగుతుంది. కొత్త బలం = పాత బలం × 30 ÷ 37 = పాత బలంలో 81 శాతం
అదే పెడలు ఒత్తిడితో 19 శాతం బ్రేకు బలం పోయినట్లు. మునుపటి స్థాయి రావాలంటే బ్రేకు టార్కు 23 శాతం పెరగాలి.

అసలు హమ్‌వీలో ఇదే టైరుకు గేరు హబ్బు 1.92 రెట్ల సహాయం చేస్తుంది. ప్రతిరూపంలో ఆ సహాయం లేదు. కాబట్టి ఒక టన్ను ట్రక్కు బ్రేకులు, పెద్ద మాస్టర్ సిలిండరు, పనిచేసే వాక్యూమ్ లేదా హైడ్రాలిక్ బూస్టరు తప్పనిసరి. 6.2 డీజిల్ ఇంజను గాలిని పెట్రోలు ఇంజనులా నియంత్రించదు కనుక దానిలో తగినంత వాక్యూమ్ తనంతట తాను పుట్టదు. దానికి విడి వాక్యూమ్ పంపో, హైడ్రాలిక్ బూస్టరో ఉండాలి. పెట్రోలు ట్రక్కు నుంచి తీసిన బూస్టరును పంపు లేకుండా డీజిల్ ఇంజనుకు తగిలిస్తే బ్రేకు పెడలు రాయిలా మారుతుంది.

ఉదాహరణ 4: స్పేసరు, బేరింగు
ఒక చక్రం మీద 600 కి.గ్రా. భారం ఉందనుకుందాం. వెడల్పు కోసం స్పేసరుతో టైరును 8 సెం.మీ. బయటికి జరిపితే బేరింగు మీద అదనంగా పడే వంపు బలం = 600 × 0.08 = 48 కి.గ్రా.-మీటర్లు
గుంతలో పడినప్పుడు ఇది ఇంకా పెరుగుతుంది. స్పేసరు వేసిన వాహనంలో బేరింగులను తరచుగా చూడాలని చెప్పడానికి కారణం ఇదే.

నేల నుంచి ఎడం విషయంలోనూ ఒక అపోహ ఉంది. కమాను పట్టీలు పెంచి బాడీని ఎంత పైకి లేపినా, ఒకే ముక్క యాక్సిల్ మధ్యలోని డిఫరెన్షియల్ గుండు కదలదు. దాన్ని పైకి లేపేది టైరు ఒక్కటే. 30 నుంచి 37 అంగుళాలకు మారితే లభించేది వ్యాసంలోని తేడాలో సగం, అంటే 3.5 అంగుళాలు మాత్రమే. బాడీని ఎత్తితే పెరిగేది ఎడం కాదు, గరిమనాభి ఎత్తు. అది పెరిగితే మలుపుల్లో బోల్తా పడే అవకాశం పెరుగుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
క) యాక్సిల్ నిష్పత్తి 4.10, టైరు 32 అంగుళాలు ఉన్న ట్రక్కుకు 36 అంగుళాల టైరు వేస్తే, ట్రక్కు ప్రవర్తించే నిష్పత్తి ఎంత?
ఖ) అదే ట్రక్కులో బ్రేకు బలం ఎంత శాతానికి తగ్గుతుంది?

7. బాడీ, విద్యుత్ వ్యవస్థ

హమ్‌వీ బాడీ అంతా దాదాపు చదును పలకలే. వంపుల రేకు కొట్టే యంత్రాలు లేని చిన్న షెడ్డులో కూడా ఈ రూపాన్ని చేయవచ్చు. ముందు అద్దం సైతం మధ్య కడ్డీకి ఇరువైపులా రెండు చదును అద్దాలుగా ఉంటుంది. ఇక్కడ లామినేటెడ్ అద్దాన్నే వాడాలి. దాన్ని కొలతకు కోయవచ్చు, పగిలినా ముక్కలు చెదరవు.

బాడీ చట్రాన్ని చదరపు ఉక్కు గొట్టాలతో కట్టి, ట్రక్కు పాత బాడీ కూర్చున్న రబ్బరు దిమ్మల స్థానాలలోనే బిగించాలి. ఛాసీ ఎక్కడ భారం మోయడానికి తయారైందో భారం అక్కడే పడాలి. అల్యూమినియం పలకలను ఉక్కు చట్రానికి రివెట్ చేస్తే రెండు లోహాల మధ్య తడి చేరి అల్యూమినియం తినుకుపోతుంది. మధ్యలో ప్రైమరు, సీలెంటు పూత ఉండాలి.

హమ్‌వీలో ఇంజను, గేరుబాక్సు మధ్యలో ఎత్తుగా ఉండి, మనుషులు వాటికి ఇరుపక్కలా కింద కూర్చుంటారు. ఎత్తు 72 అంగుళాలే ఉండడం వెనుక రహస్యం ఇది. ట్రక్కు ఛాసీ మీద నేల పలక దూలాల పైన వస్తుంది. కూర్చునేవారి తలకు చోటు కావాలంటే కప్పు పైకి పోతుంది. కొలతలలో ప్రతిరూపం ఎక్కువగా రాజీపడేది ఇక్కడే.

హమ్‌వీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలను శ్రేణిలో కలిపి 24 వోల్టులు పొందుతారు. పౌర ట్రక్కులో 12 వోల్టులే. సైనిక దీపాలను 12 వోల్టులకు కలిపితే మసకగా వెలుగుతాయి. 12 వోల్టుల బల్బులను 24 వోల్టులకు కలిపితే కాలిపోతాయి. బల్బులు, మోటార్లు అన్నీ ఒకే వోల్టేజికి చెందినవై ఉండాలి.

8. మన దేశంలో చట్టం

అమెరికాలో ఇటువంటి వాహనాల నమోదు నియమాలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, నమోదు పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. అలాగే 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలలోని 121వ నియమం ప్రకారం, రక్షణ శాఖ వాహనాలకు తప్ప ఇతర వాహనాలకు ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదు.

కాబట్టి ఇక్కడ పాత ట్రక్కు ఛాసీ మీద సైనిక రూపం కట్టి రోడ్డు మీద తిప్పడం చట్టవిరుద్ధం. సినిమా సెట్టు, ప్రదర్శనశాల, కళాశాల వర్క్‌షాపు వంటి చోట్ల, ప్రజా రహదారికి బయట నేర్చుకోవడానికి మాత్రమే ఇటువంటి నిర్మాణానికి తావుంది. ఈ హద్దును పని మొదలుపెట్టక ముందే తెలుసుకోవాలి.

9. సారాంశం

హమ్‌వీ ఇంజను, గేరుబాక్సు పౌర ట్రక్కుల కుటుంబానికి చెందినవి కావడం వలన పాత ట్రక్కు భాగాలతో దానికి దగ్గరగా రావడం సాధ్యమైంది. సబర్బన్ వీల్‌బేస్, ఎనిమిది బోల్టుల హబ్బులు, 4.56 యాక్సిళ్లు కొలతలను, గేరు నిష్పత్తిని దగ్గర చేస్తాయి. కానీ గేరు హబ్బులు లేకుండా పెద్ద టైరును మాత్రమే తీసుకుంటే బ్రేకులు, బేరింగులు, స్టీరింగు ఆ భారాన్ని మోయవలసి వస్తుంది. ఏ భాగం తెచ్చినా దాని తోడు భాగాలు ఏవో అడగడం, రాని తోడుకు బదులు ఏం చేయాలో లెక్కించడం వాహన నిర్మాణంలో మొదటి పాఠం.

10. ముఖ్య పదాలు

గేరు హబ్బు: షాఫ్టు చక్ర కేంద్రానికి పైన చేరి, గేర్ల ద్వారా చక్రాన్ని తిప్పే అమరిక.
మూల ట్రక్కు: ప్రతిరూపానికి ఛాసీ, ఇంజను వంటి భాగాలు ఇచ్చే పాత వాహనం.
స్పేసరు: హబ్బుకూ రిమ్ముకూ మధ్య వేసే దిమ్మ.
వీల్‌బేస్: ముందు, వెనుక యాక్సిళ్ల కేంద్రాల మధ్య దూరం.

11. మీ ప్రగతిని సరిచూసుకోండి – జవాబులు

1. క) నేల నుంచి ఎడం పెరగడం, చక్రం వద్ద తిప్పుడు బలం 1.92 రెట్లు కావడం. ఖ) రూపాన్ని.
2. క) 4.10 × 32 ÷ 36 = 3.64. ఖ) 32 ÷ 36, అంటే సుమారు 89 శాతానికి.

12. మాదిరి పరీక్షా ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో జవాబులు రాయండి.
1. పెద్ద టైరు వేయడం వలన వాహనంలోని ఇతర వ్యవస్థల మీద పడే ప్రభావాలను లెక్కలతో వివరించండి.
2. తుక్కు భాగాలను వర్గీకరించి, ఛాసీ పరీక్షా విధానాన్ని తెలపండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో జవాబులు రాయండి.
1. బాడీని పైకి లేపితే నేల నుంచి ఎడం ఎందుకు పెరగదు?
2. డీజిల్ ఇంజనుకు విడి వాక్యూమ్ పంపు ఎందుకు అవసరం?
3. వాహన మార్పుల విషయంలో సెక్షన్ 52 ఏం చెబుతుంది?